ఆన్-కాల్ డ్యూటీ చేస్తున్నారా? ముందు నోటిఫికేషన్లు సరిచేసుకోండి

ఐటీ ఆపరేషన్స్‌లో ఉన్నవాళ్లు ఫోన్‌లో కెమెరా కన్నా ముందు చూడాల్సింది నోటిఫికేషన్ సెట్టింగ్స్. నాకిది దెబ్బ తిన్నాకే తెలిసింది. ఒకే అలర్ట్ యాప్‌లో "బ్యాకప్ పూర్తయింది", "పాస్‌వర్డ్ రీసెట్ కావాలి" అంటూ రాత్రంతా మోత. విసుగొచ్చి సైలెంట్‌లో పెట్టేశా. సర్వర్ డిస్క్ 80 శాతం దాటిందన్న వార్నింగ్ కూడా అందులోనే కలిసిపోయింది. తెల్లారేసరికి డిస్క్ నిండి సర్వీస్ డౌన్! మేనేజర్ ముందు నా మొహం చూడాలి.

ఐటిఐఎల్ పద్ధతిలో ఈవెంట్లు మూడు రకాలు: ఇన్ఫర్మేషనల్, వార్నింగ్, ఎక్సెప్షన్. మొదటిది లాగ్‌లో ఉంటే చాలు. వార్నింగ్ అంటే ఇంకా టైముంది. ఎక్సెప్షన్ అంటే లేదు. పాస్‌వర్డ్ రీసెట్, కొత్త ల్యాప్‌టాప్ లాంటివి అసలు ఈ లెక్కలోకే రావు, అవి రిక్వెస్టులు. 2007లో వచ్చిన వెర్షన్ 3లో రిక్వెస్ట్ ఫుల్‌ఫిల్‌మెంట్‌ని ఇన్సిడెంట్ల నుంచి విడదీసింది ఇందుకే.

నేనూ అదే చేశా. ఆండ్రాయిడ్ 8 నుంచి నోటిఫికేషన్ ఛానెల్స్ ఉన్నాయి కదా, మా యాప్‌లో ఎక్సెప్షన్లకి వేరే ఛానెల్ ఉంది. డూ నాట్ డిస్టర్బ్ ఉన్నా మోగేలా దానికొక్కదానికే పర్మిషన్ ఇచ్చా. వార్నింగ్‌కి వైబ్రేషన్, రిక్వెస్టులకి ఏమీ లేదు, పొద్దున చూసుకుంటా. ఐఫోన్ వాళ్లకి ఐఓఎస్ 12 నుంచి క్రిటికల్ అలర్ట్స్ ఉన్నాయి, కాకపోతే యాప్ సపోర్ట్ చేయాలి.

ఆ సైరన్ టోన్ మాత్రం మార్చమని అమ్మ రోజూ తిడుతోంది.