దాది కథలు విని పెరిగిన అనాథ రాజు

తండ్రి పోయిన పిల్లవాడి ఆస్తికి పినతండ్రి సంరక్షకుడుగా ఉండడం, పిల్లవాడు చేతికి అందివచ్చేసరికి భూమి ఆ పినతండ్రి పేరు మీదికి మారిపోయి ఉండడం మన పల్లెల్లో పంచాయితీ పెద్దలకు కొత్త సంగతి కాదు. ఒక రాజ్యం విషయంలో అదే జరిగితే ఎలా ఉంటుందో చెప్పే కథ 1951లో ఇంగ్లండులో అచ్చయింది. దాని పేరు 'ప్రిన్స్ కాస్పియన్'. వ్రాసినది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం బోధించిన సి.ఎస్. లూయిస్.

జంతువులు మాట్లాడే నార్నియా అనే కల్పిత లోకం గురించి లూయిస్ ఏడు పుస్తకాలు వ్రాశారు. వాటిలో అచ్చయిన వరుసలో ఇది రెండవది. ఆస్లన్ అనే సింహం ఆ లోకానికి ప్రభువు. 1950లో వచ్చిన మొదటి పుస్తకంలో ఈ సింహం, తనవారికి ద్రోహం చేసిన ఒక బాలుడి బదులు తాను చంపబడి, తెల్లవారేసరికి తిరిగి లేస్తుంది. గుడ్ ఫ్రైడే, ఈస్టరు ఆచరించే ఇళ్ళల్లో దీనికి వివరణ అక్కరలేదు.

ఇక కాస్పియన్ కథ. తల్లీ తండ్రీ లేని ఈ బాలుడు పినతండ్రి మీరాజ్ కోటలో పెరుగుతుంటాడు. మీరాజ్ మొదట సంరక్షకుడు అనే బిరుదుతోనే అధికారం చేపట్టాడు. ఆ తరువాత రాజుననిపించుకున్నాడు. ఈ మార్పిడి ఎలా జరిగిందో లూయిస్ చెప్పిన తీరు చూస్తే లోకం పోకడ బాగా ఎరిగినవాడే అనిపిస్తుంది. చనిపోయిన రాజుకు నమ్మకస్థులైన ప్రభువులలో ఇద్దరు వేటలో 'పొరపాటున' తగిలిన బాణాలకు పోయారు. కొందరిపై దొంగ అభియోగాలు మోపి రాజద్రోహులని తలలు తీశారు. అన్నదమ్ములిద్దరిని పిచ్చివాళ్ళని గదిలో పెట్టి తాళం వేశారు. మిగిలిన ఏడుగురిని కొత్త దేశాలు కనిపెట్టి రమ్మని సముద్రం మీదికి సాగనంపారు. వారు మళ్ళీ రాలేదు. అడిగేవాళ్ళు లేకుండా పోయాక, రాజువి నువ్వే కావాలని పొగిడేవాళ్ళే మిగిలారు.

ఆ కోటలో పిల్లవాడిని ప్రేమగా చూసినది ఒక్క దాది. రాత్రిపూట ఆమె పాత నార్నియా కథలు చెప్పేది. చెట్లకు ప్రాణం ఉన్న రోజులు, జంతువులు మాట్లాడిన రోజులు, ఆస్లన్ వచ్చిన రోజులు. పిల్లవాడు ఒకనాడు ఆ మాటలు పినతండ్రి ముందు నోరుజారాడు. మర్నాటికి దాది లేదు. వెళ్ళొస్తానని చెప్పుకునే వీలు కూడా ఆమెకు ఇవ్వలేదు. దొంగసొత్తు అనుభవించేవాడికి పాత సంగతులు తెలిసిన ముసలివాళ్ళంటే భయం ఉండడం సహజమే!

మనవారికి ఇక్కడ చంద్రహాసుడు జ్ఞాపకం రావచ్చు. జైమిని భారతంలో ఆ పసివాడిని కుంతల నగరానికి ఎత్తుకుపోయి బ్రతికించినదీ దాదియే. దుష్టబుద్ధి అనే మంత్రి అతడిని చంపబోయి తన గోతిలో తానే పడ్డాడు. అయితే చంద్రహాసుడికి లేని చిక్కు ఒకటి కాస్పియన్‌కు ఉంది.

దాది స్థానంలో వచ్చిన గురువు కార్నీలియస్ ఒక రాత్రి శిష్యుణ్ణి బురుజు మీదికి తీసుకువెళ్ళి, రెండు గ్రహాలు ఒకదాని పక్కన ఒకటి నడిచే వింత చూపిస్తాడు. నిజానికి అది సాకు. నాలుగు చెవులకు మించి వినరాని మాట ఒకటి చెప్పడానికే ఆ మేడమెట్లు ఎక్కించాడు. దాది చెప్పినవన్నీ నిజాలేనట. ఆ మాట్లాడే జంతువులను అణచి, తరిమి, దేశం ఆక్రమించినది కాస్పియన్ పూర్వీకులేనట. అంటే పినతండ్రి ఇతడి సింహాసనం కాజేశాడు సరే, ఆ సింహాసనమే ఇంకొకరి దగ్గర కాజేసినది. ఎవరి వంశం అపరాధం చేసిందో ఆ వంశపు పిల్లవాడే వారికి న్యాయం చెయ్యాలి. ఈ కథకు ప్రాణం ఇక్కడ ఉంది.

మీరాజ్‌కు కొడుకు పుట్టిన రాత్రి కాస్పియన్ ప్రాణానికి గండం వచ్చింది. గురువు నిద్రలేపి, గుర్రం ఎక్కించి, ఆపదలో ఊదితే సహాయం వచ్చే దంతపు కొమ్ము ఒకటి చేతికిచ్చి పంపేశాడు. అడవిలో గాలివానకు తల కొమ్మకు కొట్టుకుని పడిపోయిన పిల్లవాడు కళ్ళు తెరిచేసరికి ఒక బొరియలో ఉన్నాడు. చుట్టూ ఇద్దరు మరుగుజ్జులు, బాడ్జర్ అనే బొరియ జంతువు. శత్రువు బిడ్డను చంపేద్దామని ఒక మరుగుజ్జు పట్టుపట్టాడు. మాట్లాడే జంతువులు పాతమాట మరిచిపోవని, నార్నియాకు మనిషి రాజుగా ఉన్నప్పుడే దేశం చక్కగా ఉందని బాడ్జర్ అడ్డుపడింది.

యుద్ధం, కొమ్ము ఊదగానే మన లోకం నుండి నలుగురు పిల్లలు అక్కడికి రావడం, ద్వంద్వయుద్ధంలో కిందపడిన మీరాజ్‌ను అతడి మనిషే పొడిచి చంపడం పుస్తకంలో విస్తారంగా ఉన్నాయి. యుద్ధం ముగిశాక ఆస్లన్ కాస్పియన్‌ను రాజ్యభారం మోయడానికి సరిపోతానని అనుకుంటున్నావా అని అడిగింది. అనుకోవడం లేదని, తాను ఇంకా పిల్లవాడినేనని అతడు జవాబిచ్చాడు. సరిపోతానని అనివుంటే పనికిరాడని తేలిపోయేదని సింహం చెప్పి రాజ్యం అప్పగించింది. తన పూర్వీకులు సముద్రపు దొంగలని కూడా కాస్పియన్ ఆ తరువాతే తెలుసుకుని సిగ్గుపడతాడు.

అంతకు ముందే ఒక చిన్న సంఘటన ఉంది. ఊళ్ళ మీదుగా వస్తున్న ఆస్లన్, ఒక గుడిసె ముందు ఏడుస్తున్న చిన్నపిల్లను చూసి ఆగుతుంది. లోపల చావుబ్రతుకుల్లో ఒక ముసలమ్మ. సింహాన్ని చూసి ఆమె భయపడలేదు. జీవితమంతా ఎదురుచూసినది ఈ రాక కోసమే. స్వస్థత పొంది సింహం వీపునెక్కి వచ్చిన ఆ ముసలమ్మ, కాస్పియన్ కనబడగానే దిగి పరుగెత్తి అతడిని కౌగిలించుకుంది. ఆ పాత దాదియే.

లూయిస్ 1898లో ఐర్లండులోని బెల్ఫాస్ట్‌లో జన్మించారు. 1908లో తల్లి కాన్సరుతో మరణించేనాటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. ఆ ఏడే ఇంగ్లండులోని హాస్టలు బడికి పంపించారు. చిన్ననాడు ఐర్లండు జానపద కథలు చెప్పిన దాది లిజీ ఎండికాట్‌ను ఆయన తన ఆత్మకథలో ఎంతో ఆదరంతో తలుచుకున్నారు. యౌవనంలో దేవుణ్ణి నమ్మడం మానేసి, 1931లో తిరిగి క్రైస్తవులయ్యారు. 1956లో జాయ్ డేవిడ్‌మన్‌ను వివాహమాడారు. 1960లో ఆమె మరణించగా, ఆమె మొదటి వివాహపు కొడుకులిద్దరూ లూయిస్ సంరక్షణలోనే ఉన్నారు. ఆయన 1963 నవంబరు 22న ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు.

ఈ కథ 2008లో సినిమాగా వచ్చింది. అందులో యుద్ధాలు పెంచి కథ తగ్గించారు. కాస్పియన్ ఏమయ్యాడో తెలుసుకోగోరేవారు 1952లో వచ్చిన మూడవ పుస్తకం చూడాలి. మీరాజ్ సముద్రం మీదికి పంపేసిన ఆ ఏడుగురు ప్రభువులను వెదకుతూ, కుర్ర రాజు తానే ఓడ ఎక్కుతాడు.