సేకరణమును పరిశోధనమును : మిట్టల్ దంపతుల కళాకృషి

తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుమార్గములో భట్టిప్రోలు గ్రామము కలదు. తెలుగు లిపి చరిత్రను బోధించువారెవ్వరును ఈ పేరు చెప్పక పాఠమును ముగింపజాలరు. 1892లో అలెగ్జాండర్ రీ అచ్చటి స్తూపమును త్రవ్వించి, శాసనములతో కూడిన ధాతుకరండములను వెలికి తీసిరి. బ్యూలర్ పండితుడు ఆ శాసనములను చదివి 1894లో ప్రకటించిరి. అయితే రీ రాకకు పూర్వమే స్తూపపు టిటుకలు బాటలకును, పాలరాతి పలకలు కాలువ కట్టడములకును తరలిపోయియుండెను. పలకలు పోయినవి; కరండములు దక్కినవి. దక్కినవి యేచోట, ఎంత లోతున దొరకినవో రీ వ్రాసియుంచిరి. కావుననే అవి నేటికిని ప్రమాణములై నిలిచినవి. వస్తువు వేరు, దాని పూర్వోత్తరములు వేరు. రెండును కూడినప్పుడే అది చరిత్రకు ఆధారమగును.

మరి ఆ పూర్వోత్తరములు తెలియకయే అంగడికెక్కిన వస్తువుల మాటయేమి? వానిని కొని దాచుట వినోదమాత్రమా, లేక విద్యావ్యాసంగమా? ఈ ప్రశ్నకు హైదరాబాదులో జగదీశ్ మిట్టల్, కమలా మిట్టల్ దంపతులు తమ జీవితముచేతనే సమాధానము చెప్పిరి.

జగదీశ్ మిట్టల్ 1925లో జన్మించిరి. శాంతినికేతనమందలి కళాభవనములో నందలాల్ బోసు శిష్యులై చిత్రకళ నభ్యసించిరి. కమలా మిట్టల్ కూడ అచ్చటనే చదివిన చిత్రకారిణి. ఇరువురును 1951 ప్రాంతమున హైదరాబాదు వచ్చి స్థిరపడిరి. బద్రీవిశాల్ పిత్తీ నడపిన ‘కల్పన’ అను హిందీ పత్రికతో జగదీశ్ గారికి సన్నిహిత సంబంధముండెను.

వారు వచ్చిన కాలమును గమనింపవలెను. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరినది. 1949లో జాగీర్లు రద్దయినవి. రాబడి తగ్గిన దేవిడీలనుండి చిత్రములు, బీదరు పనితనపు పాత్రలు, వస్త్రములు, ఆయుధములు బజారునకు రాసాగినవి. మూడవ సాలార్జంగు సేకరించిన సంపద 1951లో ప్రదర్శనశాలగా తెరువబడినది. మిట్టల్ దంపతులకు అట్టి ఐశ్వర్యము లేదు. వారికున్న మూలధనము చిత్రకారుని కన్ను. పేరుమోసిన వస్తువులనే కాక, ఇతరులు అంతగా గణింపని రేఖాచిత్రములను, జానపద కంచు బొమ్మలను, వాడుక పాత్రలను, కథాపటములను కూడ వారు సేకరించిరి.

స్థలము తెలియని వస్తువునకు స్థలమును నిర్ణయించుట యెట్లు? తులనమే దీనికి మార్గము. తేదీగల చిత్రమొకటి దొరకినచో, దానిలోని తలపాగా కట్టు, కనుబొమ్మ గీత, రంగుల పొందిక, చెట్టును వ్రాసిన తీరు గుర్తించి, తేదీ లేని చిత్రములను దానితో పోల్చవలెను. ఈ పనికి అచ్చుబొమ్మలు చాలవు. అసలు వస్తువులు చేతికందవలెను. పలుమారులు చూడవలెను. ఒకప్పుడు పొరబడి, ఆ పొరపాటును తానే దిద్దుకొనవలెను. అందుచేత వీరి విషయమున సేకరణము పరిశోధనమునకు పూర్వరంగము కాదు, పరిశోధనములోని భాగమే. 1963లో ‘మార్గ్’ పత్రికలో జగదీశ్ గారు హైదరాబాదు చిత్రశైలినిగూర్చి వ్రాసిన వ్యాసమును, 1969లో ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమి ప్రకటించిన ఆంధ్ర రామాయణ చిత్రముల గ్రంథమును ఈ పద్ధతి ఫలములు.

తెలుగు శాఖలవారికి కథాపటములు మరింత ముఖ్యములు. తెలంగాణమున నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డపై కులపురాణములను వరుసగా చిత్రింతురు. కథకులు ఆ పటమును విప్పుచు, ఒక్కొక్క ఘట్టమును చూపుచు కథ చెప్పుదురు. పద్మశాలీల మార్కండేయ పురాణమును కూనపులివారు చెప్పుట ఇట్టిదే. మనము పాటను వ్రాసికొని పటమును విడిచితిమేని, గ్రంథములో సగమును విడిచినట్లే. మిట్టల్ దంపతులు పటములను భద్రపరచిరి. 2014లో వానిపై జగదీశ్ గారి గ్రంథము వెలువడినది.

ఇట్టి దాంపత్యకృషికి అమెరికాలో ఒక పోలిక కలదు. న్యూయార్కు నగరమున హెర్బర్టు వోగెల్ తపాలా ఉద్యోగి. ఆయన భార్య డొరొతీ గ్రంథాలయోద్యోగిని. ఆమె జీతముతో ఇల్లు గడపి, ఆయన జీతముతో సమకాలిక అమెరికను చిత్రకారుల కృతులను కొనిరి. తమ చిన్న వాటాలో పట్టునవి, తాము మోసికొని పోగలవి మాత్రమే కొనుట వారి నియమము. వేలకొలది కృతులు చేరిన పిమ్మట 1992లో వాషింగ్టను జాతీయ చిత్రశాలకు ఆ సేకరణమును అప్పగించుటకు నిశ్చయించిరి. వోగెల్ దంపతులు బ్రదికియున్న చిత్రకారులనే అడిగి తెలిసికొనగలిగిరి. మిట్టల్ దంపతులు ఎన్నడో గతించిన, పేరైన తెలియని చిత్రకారులను వారి గీతలచేతనే గుర్తింపవలసివచ్చెను. రెండవది కష్టతరము.

1976లో మిట్టల్ దంపతులు తమ సేకరణమును ఒక ధర్మకర్తృత్వ సంస్థకు అప్పగించిరి. దానికి ఇరువురి పేర్లును పెట్టబడినవి. పుస్తకముల అట్టలపై భర్త పేరే తరచుగా కనబడును గాని, సంస్థ పేరు ఈ కృషి ఏకహస్తము కాదని చాటుచున్నది. 1990లో జగదీశ్ గారికి పద్మశ్రీ లభించినది. 2015లో న్యూయార్కు మెట్రొపాలిటన్ ప్రదర్శనశాల దక్కను సుల్తానుల కళను ప్రదర్శించినప్పుడు ఈ సంస్థనుండి వస్తువులు ఎరవుగా వెళ్లినవి. వెళ్లి తిరిగివచ్చుటకును, అమ్ముడై మరలి రాకుండుటకును గల భేదమును పాఠకులు గ్రహింపగలరు. జగదీశ్ గారు 2025లో కీర్తిశేషులైరి.

ఇందు ఒక ఆక్షేపణకు అవకాశమున్నది. కొనువారుండుటచేతనే వస్తువులు స్వస్థానమును వీడునని కొందరనవచ్చును. ఆ మాటలో సత్యము లేకపోలేదు. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము నూరేండ్లకు పైబడిన కళావస్తువులను, డెబ్బదియైదేండ్లకు పైబడిన విలువగల వ్రాతప్రతులను పురావస్తువులుగా నిర్ణయించి, ప్రైవేటు వ్యక్తులు వానిని దేశము దాటించుటను నిషేధించినది. అయినను చట్టము వస్తువును మాత్రమే ఆపగలదు; దాని కథను వ్రాసిపెట్టజాలదు. తులనముచేత శైలిని నిర్ణయింపవచ్చును గాని, ఏ యింటిలో, ఏ పండుగనాడు, ఎవరి చేతిలో ఆ పటము విప్పబడెనో అంగడివాడు చెప్పలేడు. మిట్టల్ దంపతుల వంటివారు అర్ధశతాబ్ది శ్రమించినను కొంత పూడని లోటుగానే మిగులును.

కనుకనే మన పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. బాపట్ల భావనారాయణస్వామి ఆలయమందలి శాసనములు తాము చెక్కబడిన రాతిని విడిచిపోవు. తాళపత్రములు, పటములు, ఇత్తడి సామానులు అట్లు కావు. ఇల్లు మారినప్పుడు, పంపకములైనప్పుడు కదలిపోవును. తెనాలి, రేపల్లె ప్రాంతములకు చెందిన విద్యార్థి ఇట్టి వస్తువును చూచినచో, దాని వెల విచారింపకముందే ఊరి పేరు, ఇంటివారు చెప్పు వృత్తాంతము, చూచిన తేదీ వ్రాసికొనవలెను. యజమాని సమ్మతితో ఛాయాచిత్రము తీసికొనవలెను. తుమ్మపూడిలో కూర్చుండి కళనుగూర్చి తెలుగువారికి ఎంతయో వ్రాసిన సంజీవదేవ్ (1914–1999) పుట్టిన సీమ యిది. ఇచ్చట చూడగల కన్నులకు కొరత లేదు. చూచినదానిని అప్పుడే వ్రాసియుంచు అలవాటు ఒక్కటియే కావలసియున్నది.