వెల్డింగ్ నిలుస్తుంది, పక్కన ఎందుకు చీలుతుంది?

సిరికొండ వైపు ట్రాలీకి తీరిక ఉండదు. వడ్లు, పసుపు, ఇసుక, బోధన్ దిక్కయితే చెరకు, అన్నీ దాని మీదే. ఏ వెల్డింగ్ షాపు ముందైనా పాత ట్రాలీ ఆగి ఉంటే చాసిస్ కిందికి వంగి చూడండి. పాత అతుకు చెక్కుచెదరదు. దాని అంచు వెంబడే చానల్ సన్నగా చీలి, ఆ చీలికలో తుప్పు గీత కనిపిస్తుంది.

ఎందుకలా?

రాడ్డు కరిగే చోట వేడి 1500 డిగ్రీలు దాటుతుంది. దాన్ని ఆనుకున్న కొన్ని మిల్లీమీటర్ల ఇనుము కరగదు గానీ ఎర్రగా కాలుతుంది. చుట్టూ ఉన్న చల్లటి ఇనుము ఆ వేడిని క్షణాల్లో గుంజేసుకుంటుంది. కమ్మరి కొడవలిని కాల్చి నీళ్లలో ముంచినట్టే అక్కడ ఇనుము గట్టిపడుతుంది, ఆ మేరకు పెళుసవుతుంది. పైగా కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుని పక్క ఇనుమును లాగి పట్టుకుంటుంది. అంటే లోడు ఎక్కకముందే అక్కడ భారం మొదలైంది.

కార్బన్ ఎక్కువున్న కొద్దీ ఈ పెళుసుదనం పెరుగుతుంది. మామూలు చానల్, యాంగిల్‌లో కార్బన్ 0.2 శాతం అటూఇటూ. కమాన్ పట్టాలో అంతకు రెండింతలు దాటుతుంది. విరిగిన కమాన్‌కు వెల్డింగ్ పెట్టించడం డబ్బు దండగ, కొత్త పట్టా వేయించండి.

నీళ్లు చల్లితే తొందరగా ఆరుతుంది కదా?

ఆరుతుంది, పెళుసుదనమూ అంతే తొందరగా వస్తుంది. దానంతట అది చల్లారనివ్వాలి. వానాకాలంలో చెమ్మ పట్టిన రాడ్లది ఇంకో బెడద. చెమ్మలోని హైడ్రోజన్ ఇనుములోకి దిగి, ఒకటి రెండు రోజుల తర్వాత పగులు తెస్తుంది. మందపాటి పనికి 7018 రాడ్లు వాడేవాళ్లు వాటిని 300 డిగ్రీలకు పైన ఓవెన్‌లో ఆరబెట్టేది ఇందుకే.

వెల్డింగ్ ముక్కలు ముక్కలుగా వేస్తే మధ్యలో ఎంత ఎడం ఉండాలి?

మన ఉక్కు కట్టడాల ప్రమాణం ఐఎస్ 800 ప్రకారం ఒక్కో ముక్క కనీసం 40 మి.మీ. ఉండాలి, అతుకు సైజుకు నాలుగింతలకు తగ్గకూడదు. రెండు ముక్కల మధ్య ఖాళీ, నొక్కుడు పడే చోట సన్న ప్లేటు మందానికి 12 రెట్లు, లాగుడు పడే చోట 16 రెట్లు మించకూడదు. ఎక్కడైనా 200 మి.మీ.కు లోపే. 6 మి.మీ. ప్లేటుకు లెక్క వేస్తే 72, 96 మి.మీ. అవుతాయి. ఎడం మరీ ఎక్కువైతే నొక్కుడుకు ప్లేటు ఉబ్బుతుంది, సందులో నీరు చేరి తుప్పు పడుతుంది. ముక్క మరీ పొట్టిదైతే ఇంకా ప్రమాదం. రాడ్డు మొదలైన చోటు, ఆగిన చోటు ఎప్పుడూ బలహీనమే. బొట్టులాంటి టాకాలో ఆ రెండు తప్ప ఇంకేమీ ఉండదు. చిటికెలో చల్లారిపోతుంది కూడా.

వెల్డింగ్ అయ్యాక గ్యాస్‌తో కాల్చితే మంచిదా?

ట్రాలీకి కాదు. చక్కెర మిల్లు బాయిలర్ డ్రమ్ము లాంటి మందపాటి వాటిని 600 డిగ్రీలకు పైన, ప్రతి 25 మి.మీ. మందానికి దాదాపు గంట చొప్పున ఉంచి, నెమ్మదిగా చల్లారుస్తారు. అప్పుడే లోపలి లాగుడు సడలుతుంది. గ్యాస్ మంటతో ఒక్కచోట ఎర్రబారేలా కాల్చి వదిలేస్తే కొత్త లాగుడు పుడుతుంది. మందపాటి ఇనుముకైతే వెల్డింగ్‌కు ముందు వెచ్చచేయడం పనికొస్తుంది, చల్లారడం నెమ్మదిస్తుంది.

చీలిక మీద పట్టీ వేయిస్తే?

వేసే తీరు ముఖ్యం. మెల్‌బోర్న్‌లో 1961లో తెరిచిన కింగ్ స్ట్రీట్ వంతెన, 1962 జులై 10న ఓ బరువు లారీ కింద కుంగింది. అక్కడ జులై చలికాలం, చలికి ఇనుము ఇంకా పెళుసవుతుంది. గర్డర్ల అడుగు అంచుకు వేసిన అదనపు పట్టీల చివర్లో, అడ్డంగా పెట్టిన అతుకుల దగ్గరే పగుళ్లు మొదలయ్యాయి. మన షాపుల్లో చానల్ అడుగున పట్టీ పెట్టి నాలుగు వైపులా చుట్టేయడం కూడా అలాంటి పనే.

ముందు చీలిక కొసన చిన్న రంధ్రం వేయించండి, అది ముందుకు పాకకుండా. పాత అతుకును గ్రైండర్‌తో పూర్తిగా తీయించి, చీలికను వి ఆకారంలో తెరిచి నింపించండి. పట్టీని చానల్ నిలువు ముఖానికి పెట్టించి, కొసలు ఏటవాలుగా కోయించండి. అడుగు అంచు మీద అడ్డంగా మాత్రం రాడ్డు తగలనివ్వొద్దు.