తమ్ముడు రాడు, ఫైలు తెరుచుకోదు!

మీరు నారాయణగూడలో ఉన్నారనుకోండి. పుస్తకం తెమ్మని తమ్ముణ్ణి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి పంపారు. రెండు గంటలైనా వాడు రాలేదు. పుస్తకం వస్తేగాని మీ చదువు సాగదు. లోపం మీలో లేదు. మీరు ఎదురు చూస్తున్నారంతే!

యూనిక్స్ తరహా కంప్యూటర్లూ ఒక్కోసారి ఇలాగే నిలిచిపోతాయి. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ రూపొందించిన 'ఎన్.ఎఫ్.ఎస్.' పద్ధతిలో, దూరాన సర్వర్‌లో ఉన్న ఫైళ్లు మన కంప్యూటర్‌లోనే ఉన్నట్టు కనిపిస్తాయి. ఇలా తగిలించుకోవడాన్నే 'మౌంట్' అంటారు. సర్వర్ పలకకపోతే, ఫైలు అడిగిన ప్రోగ్రాం కదలకుండా కూర్చుంటుంది.

మరి ఏం చేయాలి? ముందు 'పింగ్' ఆదేశంతో సర్వర్‌ను పలకరించండి. బదులు రాకపోతే తీగలు, స్విచ్, విద్యుత్తు చూడండి. బదులు వస్తే, ఫైళ్లు అందించే సేవ నడుస్తోందో లేదో 'ఆర్‌పిసిఇన్‌ఫో' ఆదేశంతో తెలుసుకోండి. దారి బాగుందా, గ్రంథాలయం తెరిచి ఉందా అని వరుసగా చూడటమన్నమాట!

తొందరపడి బంధం తెంచకండి. 'హార్డ్ మౌంట్'లో కంప్యూటర్ అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంది. సర్వర్ లేవగానే ఆగిన పని సాగుతుంది. 'సాఫ్ట్ మౌంట్'లో కొంతసేపటికి ఆశ వదిలేస్తుంది. అప్పుడు రాస్తున్న ఫైలు సగంలో పాడుకావచ్చు! అందుకే సర్వర్ ఇక రాదని తేలాకే బలవంతపు 'యుమౌంట్'.

కంప్యూటర్ మొరాయించినప్పుడు మీట నొక్కి ఆర్పేయకండి. అది ఎవరి కోసం ఎదురు చూస్తోందో ముందు కనుక్కోండి.