ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

1980 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధా ప్రయోగశాలకు ఒక కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్‌ను కానుకగా ఇచ్చింది. యంత్రం వేగవంతమైనదే. కాని తరచు కాగితం ఇరుక్కుని ఆగిపోయేది. ప్రతుల కోసం మెట్లెక్కి వెళ్ళేవరకూ ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

రిచర్డ్ స్టాల్‌మన్ అనే యువ ప్రోగ్రామర్‌కు దీనికి విరుగుడు తెలుసు. పాత ప్రింటర్ ఇలాగే మొరాయించినప్పుడు, దాన్ని నడిపే ప్రోగ్రాములో ఆయన కొన్ని పంక్తులు చేర్చాడు. కాగితం ఇరుక్కోగానే, వేచి ఉన్నవారి కంప్యూటర్ తెరపై ఆ వార్త కనిపించేది. ఎవరో ఒకరు వెళ్ళి సరిచేసేవారు.

కొత్త యంత్రానికి ఆ చికిత్స సాధ్యం కాలేదు. దాని ప్రోగ్రాము యంత్రానికి మాత్రమే అర్థమయ్యే అంకెల రూపంలో వచ్చింది. మనిషి చదివి మార్చగల మూలపాఠం, అంటే సోర్స్ కోడ్, అందులో లేదు. అది తన వద్ద ఉన్న మరొక విశ్వవిద్యాలయ పరిశోధకుణ్ణి అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాట ఇచ్చానంటూ ఆయన నిరాకరించాడు.

ఆ నిరాకరణ స్టాల్‌మన్ మనసులో నాటుకుపోయింది. చెడిన గడియారాన్ని విప్పి చూసే హక్కు దాని యజమానికి ఉంది. ప్రోగ్రాము విషయంలో ఆ హక్కు ఎందుకు ఉండరాదు? 1983 సెప్టెంబరులో ‘గ్నూ’ అనే సంపూర్ణ వ్యవస్థను నిర్మించి అందరికీ పంచుతానని ఆయన ప్రకటించాడు. 1984 జనవరిలో ఉద్యోగం వదులుకున్నాడు.

ఆంగ్లంలో ‘ఫ్రీ’ అన్న మాట ఇక్కడ చిక్కు తెచ్చింది. వెల లేనిదనీ, స్వేచ్ఛ గలదనీ దానికి రెండర్థాలు. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. స్టాల్‌మన్ కోరినది రెండవది. తన ప్రోగ్రాముల టేపులను ఆయన డబ్బుకు అమ్మాడు కూడా. ఏ పనికైనా వాడుకోవడం, చదివి మార్చుకోవడం, ప్రతులు పంచడం, మార్చిన ప్రతులనూ పంచడం: ఈ నాలుగే ఆయన చెప్పిన స్వేచ్ఛలు. 1989 నాటి లైసెన్సు వీటికి చట్టరక్షణ కల్పించింది. పుచ్చుకున్నవారు ఇతరులకు పంచినప్పుడు అవే స్వేచ్ఛలను వారికీ ఇచ్చి తీరాలి.

1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను వెలువరించాడు. మరుసటి ఏడాది దాన్ని ఆ లైసెన్సు కిందికే తెచ్చాడు. 1998లో కొందరు ‘ఓపెన్ సోర్స్’ అనే కొత్త పేరు ప్రచారంలోకి తెచ్చారు. పాఠం తెరిచి ఉందని ఆ పేరు చెబుతుంది. దానిపై హక్కు ఎవరిదో చెప్పదు.

2017 నవంబరు నాటికి ప్రపంచంలోని అగ్రశ్రేణి 500 సూపర్ కంప్యూటర్లూ లినక్స్‌తోనే నడిచాయి. మన ఆండ్రాయిడ్ ఫోనుల్లోనూ ఉన్నది అదే. అయినా, ఆ ఫోనుల్లో అనేకం యజమాని మార్చడానికి వీలులేకుండా తాళం వేసి వస్తున్నాయి. ఆనాడు మేడమీది ప్రింటర్ వద్ద ఎదురైన ప్రశ్నే నేడు మన జేబులో ఉంది.