చూరు లేని ఇల్లు

1929లో డెట్రాయిట్ వాసి ఆర్థర్ షెర్మన్ పెళ్ళాం పిల్లల్ని వెంటబెట్టుకుని సెలవులకి బయల్దేరాడు. ఆయన సూక్ష్మజీవుల శాస్త్రవేత్త, ఒక మందుల కంపెనీకి అధ్యక్షుడు. కారు వెనక కొత్తగా కొన్న గుడారపు ట్రెయిలర్ ఉంది. మడతలు విప్పి అయిదు నిమిషాల్లో నిలబెట్టుకోవచ్చని దాన్ని అమ్మినవాళ్ల మాట. దారిలో వాన పట్టుకుంది. అయిదు నిమిషాలు కాదు కదా, గుడారం ఎంతకీ లేవలేదు. ఇంటిల్లిపాదీ తడిసి ముద్దయ్యారు.

ఊరికి తిరిగొచ్చాక షెర్మన్ ఒక వడ్రంగి చేత 6 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవున పెట్టెలాంటి బండి చేయించాడు. మేసొనైట్ అనే చెక్కపీచు అట్టతో గోడలు, విప్పాల్సిన పని లేని గట్టి కప్పు. పిల్లలు దానికి 'కవర్డ్ వాగన్' అని పేరు పెట్టారు. మన మాటలో గూడుబండి. 1930లో డెట్రాయిట్ ఆటో షోలో దాన్ని నిలబెడితే జనం ఎగబడ్డారు. 1936 నాటికి ట్రెయిలర్లు చేసేవాళ్లలో షెర్మన్ కంపెనీయే పెద్దది. అమెరికాలో మొబైల్ హోమ్ అని పిలిచే ఇంటి వంశవృక్షంలో ఈ గూడుబండి ఒక ముత్తాత. వానకి జడిసి పుట్టిన వంశమన్నమాట. విచిత్రం ఏమిటంటే, ఆ వంశాన్ని ఇప్పటికీ పీడిస్తున్నది వానే.

మొబైల్ హోమ్ అంటే ఫ్యాక్టరీలో కట్టి, అడుగున ఉక్కు చట్రానికి చక్రాలు తగిలించి, ట్రక్కుతో లాక్కొచ్చి స్థలంలో దించే ఇల్లు. ఒకసారి దించాక చాలా ఇళ్లు మళ్లీ కదలవు. కానీ ఆ ఒక్క ప్రయాణం కోసం ఇంటి ఆకారమంతా రోడ్డు చెప్పుచేతల్లోకి వెళ్లిపోయింది. 1950ల మొదట్లో రోడ్డు మీద 8 అడుగులకి మించి వెడల్పు కుదిరేది కాదు. 1954లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మార్ష్‌ఫీల్డ్‌లో ఎల్మర్ ఫ్రే అనే తయారీదారు 10 అడుగుల ఇల్లు తెచ్చి, దాన్ని ప్రత్యేక అనుమతులతో రోడ్డెక్కించే దారి తెరిచాడు. మొబైల్ హోమ్ అన్న పేరు కూడా ఆయన పెట్టిందేనంటారు. వెడల్పు పెరిగినా లెక్క మారలేదు. చూరుకి ఒక అడుగు ఇస్తే గదిలో ఒక అడుగు పోతుంది. ఎత్తు పెంచుదామా అంటే వంతెనలు అడ్డం. చాలా రాష్ట్రాల్లో రోడ్డు మీద బండి ఎత్తు పదమూడున్నర అడుగులు దాటకూడదు. అందుకే పాత మొబైల్ హోమ్‌కి చూరు లేదు, వాలు అంతంతమాత్రం.

పెంకుటింట్లో పెరిగినవాళ్లకి చూరు విలువ వేరే చెప్పాలా! చూరునీళ్లు గోడకి రెండు మూరల అవతల పడి గాడి కట్టేవి. ఇక్కడ కప్పు అంచు, గోడ అంచు ఒకటే. పైన పడ్డ నీళ్లు నేరుగా గోడ మీదికి, కిటికీ నెత్తి మీదికి దిగుతాయి. అంచు దగ్గర సన్నని సందు దొరికితే లోపలికే పోతాయి.

ఆ కప్పుని ఒకసారి అడ్డంగా కోసి చూద్దాం. అడుగున గది సీలింగు పలకలు. వాటి మీద సన్నని కర్రముక్కలతో విల్లులా వంచి కట్టిన వాసాలు. నడుమ ఇంచుమించు జానెడు ఎత్తు, అంచులకి వచ్చేసరికి నాలుగు వేళ్లు. ఆ సందులో పల్చటి గాజుపీచు దుప్పటి. అన్నిటి మీద జింకు పూత పూసిన ఉక్కు రేకు, మందం 0.4 మిల్లీమీటర్ల చిల్లర. పాత ఇళ్లలో రేకుకీ వాసాలకీ మధ్య చెక్క పరుపు ఏమీ ఉండదు. రేకుల్ని ఒకదానికొకటి నూనె డబ్బా అంచు మడిచినట్టు మడిచి కలుపుతారు. నాలుగు వైపులా అంచులు కిందికి వంచి, లప్పంలాంటి మెత్తని పట్టీ పరిచి, పైన లోహపు పట్టీతో మరలు బిగిస్తారు. నడుమ ఎక్కడా మేకు కొట్టరు. కొడితే అదొక చిల్లు. అంటే కప్పు మొత్తం డప్పుకి తోలు బిగించినట్టు అంచుల్లోనే పట్టుకుని ఉంటుంది.

డప్పన్నాక మోగకుండా ఉంటుందా? గాలి కప్పు మీదుగా వేగంగా పోయేటప్పుడు పైన ఒత్తిడి తగ్గి రేకు లేస్తుంది, గాలి తెరిపివ్వగానే వాసాల మీద దబ్బున పడుతుంది. రాత్రంతా ఇదే వాయింపు. అమెరికా వాళ్లు దీన్ని 'రూఫ్ రంబుల్' అంటారు. దీనికి జనం కనిపెట్టిన మందు పాత టైర్లు. కప్పు మీద వరసగా టైర్లు పరిచిన మొబైల్ హోమ్ అక్కడ పేదరికానికి గుర్తుగా వెక్కిరింతల్లోకి ఎక్కింది. నాకైతే అందులో వెక్కిరించాల్సింది కనబడదు. ఊగే పలక మీద మెత్తని బరువు పెడితే ఊపు చస్తుంది. రేకుల షెడ్డు మీద ఇసుక బస్తాలూ రాళ్లూ పెట్టే మనవాళ్లకి ఆ భౌతికశాస్త్రం తెలిసిందే. కాకపోతే టైరు బోలులో నీళ్లు నిలుస్తాయి, దోమలు చేరతాయి, అడుగున పూత గీరుకుపోయి తుప్పు మొదలవుతుంది. తుఫానులో టైరే ఎగిరి ఎవరి కిటికీలోనో పడుతుంది. అందుకని తెలిసినవాళ్లు వాసం దొరికేచోట పెద్ద వాషరు వేసిన మర బిగించి, దాని నెత్తిన సీలెంటు పూస్తారు.

నిజమైన తుఫాను గాలి ముందు టైర్లూ వాషర్లూ ఆటబొమ్మలు. గాలి ఒత్తిడి దాని వేగానికి వర్గంగా పెరుగుతుంది. గంటకి 80 కిలోమీటర్ల గాలిలో చదరపు మీటరుకి 30 కిలోల తోపు ఉంటే, 160 కిలోమీటర్లకి అది 120 కిలోలవుతుంది. కప్పు మూలల్లో పైకి లాగే శక్తి ఇంకా ఎక్కువ. హుద్‌హుద్ నాడు విశాఖలో రేకులు పక్షుల్లా ఎగరడం చూసినవాళ్లకి ఈ లెక్క అక్కర్లేదు. 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ దక్షిణ ఫ్లోరిడా మీద పడ్డప్పుడు, అది నేరుగా తాకిన ప్రాంతంలో మొబైల్ ఇళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. రెండేళ్లకి, 1994లో, అమెరికా గృహనిర్మాణ శాఖ గాలి నిబంధనల్ని గట్టిపరిచింది.

అంతకుముందే 1976 జూన్ 15 నుంచి దేశమంతటికీ ఒకే నిర్మాణ నియమావళి అమల్లోకి వచ్చింది. అందుకే కారే కప్పు చూడ్డానికి వచ్చే అనుభవజ్ఞుడు నిచ్చెన దగ్గరికి వెళ్లడు. ముందు వంటింటి అల్మరా తలుపు తీస్తాడు. అక్కడో, పడకగది బట్టల బీరువాలోనో అతికించిన ఒక కాగితం ఉంటుంది. ఇల్లు ఎప్పుడు చేశారు, కప్పు ఎంత మంచు బరువు మోయగలదు అన్నవి అందులో మ్యాపుతో సహా ఉంటాయి. దక్షిణాన చదరపు అడుగుకి 20 పౌన్లు, నడిమి రాష్ట్రాల్లో 30, ఉత్తరాన 40. మన కొలతలో చదరపు మీటరుకి దాదాపు 98, 146, 195 కిలోలు. కప్పు మీద ఇంకేదైనా వేయాలంటే ఆ అంకెకి లోబడే వేయాలి. 1976కి ముందు ఇళ్లకి ఆ కాగితమూ లేదు, ఆ భరోసా లేదు.

తర్వాత అతను చూసేది లోపలి సీలింగు. మరక ఉన్నచోటే చిల్లు ఉంటుందనుకుంటే పప్పులో కాలేసినట్టే. రేకు కింద దిగిన బొట్టు వాసం పట్టుకుని జారి, పీచు దుప్పటిలో ఇంకి, ఏ రెండు గజాల అవతలో పలకల అతుకు దగ్గర బయటపడుతుంది. మరక నుంచి ఎగువకి వెతకాలి. అంతకన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది: అసలిది వాన నీరేనా?

చలికాలం పొద్దున్నే, చినుకు పడకుండానే సీలింగు తడిసిందంటే నేరం కప్పుది కాదు, ఇంట్లో వాళ్ల ఊపిరిది. నలుగురున్న ఇంట్లో వంట, స్నానాలు, బట్టలు, శ్వాస కలిపి రోజుకి పది లీటర్ల దాకా నీటి ఆవిరి గాలిలో కలుస్తుంది. 20 డిగ్రీల వెచ్చని గదిలో తేమ 50 శాతం ఉంటే, ఆ గాలి 9 డిగ్రీలకి చల్లబడేసరికి నీళ్లు వదిలేస్తుంది. బయట మంచు కురిసే రాత్రి రేకు సున్నా కిందికి పోతుంది. దీపం తీగ కోసం పెట్టిన చిల్లులోంచి పైకి పాకిన ఆవిరి ఆ రేకు అడుగున, ఫ్రిజ్ సీసా చెమర్చినట్టు చెమరుస్తుంది, గడ్డకడుతుంది. తెల్లారి ఎండ తగలగానే కరిగి కారుతుంది. ఇది తెలియక ఏటా కప్పు మీద డబ్బాలకి డబ్బాలు పూత పోసేవాళ్లున్నారు. వాళ్లకి కావలసింది స్నానాలగదిలో పనిచేసే ఫ్యానూ, సీలింగు చిల్లులకి మూతలూ.

వాన నీరే అని తేలితే అప్పుడు నిచ్చెన. చెక్క పరుపు లేని కప్పు మీద కాలు ఎక్కడ పడితే అక్కడ వేస్తే రేకు సొట్టపోతుంది, సొట్టలో రేపు నీళ్లు నిలుస్తాయి. ప్లైవుడ్ పలక వేసుకుని, వాసాల మీద బరువు పడేలా దాని మీద మోకాళ్లతో కదలాలి. చాలా కారుడు రేకు నడిబొడ్డున దొరకదు. హీటరు పొగగొట్టం, మరుగుదొడ్డి గాలిగొట్టం, స్నానాలగది ఫ్యాను, ఇంకా అంచు పట్టీ: రేకుని కోసినచోట, ఆపినచోట వెతకాలి. ఎండే దీనికి మూలం. 18 మీటర్ల రేకు చలికాలం మైనస్ 10 నుంచి వేసవిలో 65 డిగ్రీల దాకా తిరిగితే ఒకటిన్నర సెంటీమీటర్లకి పైగా సాగి ముడుచుకుంటుంది. ఏడాదికేడాది ఆ గుంజాటన అంతా గొట్టాల మొదళ్లూ అతుకులూ మొయ్యాలి. లప్పంలో నూనె ఎండి అది పెళుసుబారేసరికి వెంట్రుకంత నెర్రె పడుతుంది. ఆ మాత్రం చాలు నీటికి.

కంటికి దొరక్కపోతే ఇద్దరు కావాలి. ఒకరు పైన తోట గొట్టంతో, ఒకరు లోపల టార్చితో. నీళ్లు పల్లం నుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట పది నిమిషాలు ఆగుతూ మెల్లగా ఎగువకి జరపాలి. ముందే ఎగువన పోస్తే ఆ నీళ్లు అన్నిటి మీదుగా పారి దొంగ ఎవరో తెలియకుండా పోతుంది. లోపలివాడు 'వచ్చింది' అని కేకేసినచోట సుద్దతో గుండ్రం గీస్తారు.

అతుకు వేయడంలో శ్రమంతా పూయడానికి ముందే. పాత పూతని లప్పం బ్లేడుతో గీరి, వైరు బ్రష్షుతో తుప్పు రాల్చి, కడిగి, ఆరబెట్టాలి. మర వదులైతే దానికన్నా లావు మర వేయాలి. గొట్టం మొదట్లో కొత్త బ్యూటైల్ పట్టీ పరచాలి. ఆ పైన చిక్కని పూత ఒక చెయ్యి వేసి, అది పచ్చిగా ఉండగానే పాలియెస్టరు గుడ్డ ముక్కని ముడతల్లేకుండా అద్ది, దాని మీద మళ్లీ పూత. పూత ఒక్కటే అయితే రేకు సాగినప్పుడు చిరుగుతుంది, గుడ్డ ఆ లాగుడుని పంచుతుంది. తొందరలో సిలికాన్ ట్యూబు పిండేవాళ్లు తర్వాత ఏడుస్తారు. సిలికాన్ మీద మళ్లీ సిలికానే తప్ప ఇంకే పూతా అంటదు.

పాత మొబైల్ హోమ్ కప్పు అంచున ఒక పెచ్చు లేపి చూస్తే దాని జీవితచరిత్ర పొరలు పొరలుగా కనిపిస్తుంది. అడుగున నల్లటి తారు, దాని మీద వెండి రంగు, ఆ పైన తెలుపు. వెండి రంగుది తమాషా అయిన రసాయనం. తారు ద్రావణంలో కలిపిన అల్యూమినియం రేణువులు పూశాక పైకి తేలి, చేప పొలుసుల్లా ఒకదాని మీదొకటి పరుచుకుంటాయి. అవి ఎండని బాగానే తిప్పికొడతాయి. కానీ ఒంట్లో చేరిన వేడిని వదిలించుకోవడంలో లోహం మహా పిసినారి. తెల్లటి అక్రిలిక్ పూత కొత్తలో ఎండలో 80 శాతం దాకా వెనక్కి పంపుతుంది, తాగిన కాస్త వేడినీ సులువుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. డాబా మీద సున్నం కొట్టించే మన అలవాటు వెనకా, 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనకా ఉన్నది ఈ సూత్రమే. ఒక్క జాగ్రత్త: తారు మీద నేరుగా తెలుపు వేస్తే కింది నూనెలు ఊరి పైకొచ్చి కప్పు బీడీ కాల్చేవాడి పళ్ల రంగుకి తిరుగుతుంది. మధ్యలో అడ్డుకట్టగా ఒక ప్రైమరు పడాలి.

పూత నీటిని ఆపుతుంది, ఎండని కొంత ఆపుతుంది, చలిని ఆపదు. పేదల ఇళ్లకి చలి తగ్గించే సర్కారు పథకం అమెరికాలో 1976లోనే మొదలైంది. ఆ పనివాళ్లు ఈ విల్లు కప్పులకి నేర్చిన కిటుకు చూడముచ్చటగా ఉంటుంది. ఒక పక్క అంచు పట్టీ మరలు విప్పి, రేకుని బెత్తెడు పైకెత్తి చెక్కముక్కలు ఆనిస్తారు. ఆ సందులోంచి పొడుగాటి ప్లాస్టిక్ గొట్టాన్ని వాసాల మధ్యకి అవతలి అంచు దాకా తోసి, గాలి ఊదే యంత్రంతో గాజుపీచు పొడిని నింపుకుంటూ మెల్లగా వెనక్కి లాగుతారు. జానెడు బోలు నిండుతుంది. తర్వాత కొత్త లప్పం పట్టీ వేసి రేకు దించి మరలు బిగిస్తారు. నిండిన పీచు మీద రేకు ఆనుకుంటుంది గనక డప్పు మోత కూడా చాలావరకు అణుగుతుంది.

ఇవేవీ ఇక చాలనప్పుడు కప్పు మీద కప్పు వేస్తారు. పెంకుల్లాంటి బరువులు అల్మరా కాగితం ఒప్పుకోదు కాబట్టి, పాత రేకు మీద నురుగు పలకలు పరిచి, వాటిపైన తేలికైన కొత్త లోహపు రేకుల్ని వాసాల దాకా పొడుగు మరలతో బిగిస్తారు. ఇల్లు ఎటూ కదలదని ఖాయమయ్యాక రోడ్డుతో పేచీ లేదు. కొత్త రేకుని గోడ దాటించి ముందుకి దింపుతారు, కొందరు అడుగు దాకా. ఆ వానాకాలం మొదటిసారి నీళ్లు గోడకి ఎడంగా పడి నేల మీద గాడి కడతాయి. పాత రేకు, దాని తారూ వెండీ తెలుపూ, టైర్లు గీసిన గుండ్రాలతో సహా కిందే ఉండిపోతుంది.