రియా చర్చి: ఒక స్త్రీ ఆలోచనకు రాతి రూపం

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండ్ పల్లెల్లో కట్టిన చర్చిలు చాలావరకు ఒకే పోలికలో ఉంటాయి. మొనదేలిన కమానులు, ఏటవాలు కప్పు, జనం కూర్చునే పొడవాటి హాలు, దాని చివర బలిపీఠం ఉండే లోతైన గది. మన గుళ్లలో మండపం దాటాక గర్భాలయం వచ్చినట్టే ఆ అమరిక. చర్చిల మధ్య ఈ పోలిక దానంతటది వచ్చింది కాదు. క్రైస్తవ నిర్మాణానికి మధ్యయుగపు గోతిక్ శైలే తగినదని వాస్తుశిల్పి అగస్టస్ ప్యూజిన్ 1836 నుంచీ గట్టిగా వాదించాడు. 1839లో మొదలైన కేంబ్రిడ్జి కామ్‌డెన్ సొసైటీ, కొత్త చర్చిల్లో ఏది ఒప్పో ఏది తప్పో తీర్పులు చెప్పసాగింది.

ఆ వాదం బలపడుతున్న రోజుల్లోనే, 1842లో, కార్లైల్ పట్టణానికి దగ్గర్లోని రియా అనే చిన్న ఊళ్లో సెయింట్ మేరీ చర్చి సిద్ధమైంది. దాని రూపకర్త శారా లాష్ (1786–1853). ఆడవాళ్లకు వాస్తుశిల్ప వృత్తిలో చోటులేని కాలమది. ఆమెకున్నవి తండ్రి ఆస్తి, విస్తారమైన చదువు, ఇటలీ ప్రయాణంలో చూసిన పాత కట్టడాల జ్ఞాపకం. ఊరి పాత ప్రార్థనాలయం శిథిలమైతే, కొత్తదాని ఖర్చు తానే భరిస్తానంది. ఎలా కట్టాలన్నది మాత్రం పూర్తిగా తనకే వదిలేయాలని షరతు పెట్టింది.

ఆ స్వేచ్ఛతో ఆమె గోతిక్‌ను పక్కనబెట్టి, రోమన్ల సభాభవనాల నుంచి పుట్టిన తొలినాటి చర్చిల రూపాన్ని ఎంచుకుంది. తలుపులకూ కిటికీలకూ గుండ్రటి కమానులు. సాదా దీర్ఘచతురస్రపు హాలు, దాని చివర అర్ధవృత్తాకారపు గది. ఆ వంపు వెంట పొట్టి స్తంభాలు వరుసగా నిలిచి, చూపును మధ్యనున్న బలిపీఠం మీదికి మళ్లిస్తాయి.

నిర్మాణం ఇంత సాదాగా ఉండబట్టే శిల్పం స్పష్టంగా మాట్లాడుతుంది. కిటికీల చుట్టూ రాతిలో శిలాజాలు, సీతాకోకచిలుకలు, గసగసాల మొక్కలు కనిపిస్తాయి. బురదనేలలో యుగాలపాటు కూరుకుపోయి నల్లబడిన ఓక్ మానును తొలిచి ప్రసంగ వేదిక చేశారు. అలబాస్టర్ రాతి బాప్తిస్మపు తొట్టిని ఆమె తన చేత్తోనే చెక్కింది. మిగతా శిల్పంలో చాలా భాగం విలియం హిండ్సన్ అనే స్థానిక తాపీపనివాడిది.

పైన్ కాయ ఇక్కడ పదే పదే ఎదురవుతుంది. ఎండిపోయినట్టు కనిపించే ఆ కాయలో విత్తనం ఉంటుంది. గొంగళిపురుగు సీతాకోకచిలుక అవుతుంది. నశించిన జీవి రాతిలో అచ్చుగా మిగులుతుంది. శారా చెల్లెలు క్యాథరిన్ 1835లో చనిపోయింది. ఆమె స్మృతి మందిరం కూడా ఈ చర్చి ఆవరణలోనే ఉంది. అందులోని పాలరాతి బొమ్మలో క్యాథరిన్ ఒడిలోని పైన్ కాయను చూస్తూ కూర్చుంటుంది. చెల్లెల్ని పోగొట్టుకున్న మనిషి పునరుత్థానం గురించి ఆలోచించడానికి ప్రకృతినే ఆధారం చేసుకున్న తీరు ఇక్కడ అర్థమవుతుంది.

కవి, చిత్రకారుడు డాంటే గేబ్రియల్ రొసెట్టి ఈ చర్చిని చూసి అబ్బురపడ్డాడు. అయినా విక్టోరియా కాలపు నిర్మాణ చరిత్ర అనగానే ప్యూజిన్ పేరు వచ్చినంత సులువుగా శారా పేరు రాదు. శైలుల వరుసలో ఇమడని కట్టడాన్ని చరిత్ర పక్కన పెట్టేస్తుంది. రియా చర్చిని ఏ శైలిలో చేర్చాలన్నది చిన్న ప్రశ్న. ఏ రాయిని, ఏ ఆకారాన్ని, ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, ఈ చర్చిలో ప్రతి మూలకూ జవాబు దొరుకుతుంది. గొప్ప నిర్మాణానికి అంతకన్నా గట్టి కొలమానం నాకు కనిపించదు.